వియ్యంకుడి ఎరువు

నా భార్య పెళ్లినాటి నుంచి కాపాడుకొచ్చిన టమాటా విత్తనం మా వియ్యంకుడి వల్ల నాశనమైంది. ఇందులో తేలాల్సింది ఏమీ లేదు. ఆయన కూడా కాదనడు.

ఆ విత్తనం ఆమెతోపాటు పుట్టింటి నుంచి వచ్చింది. బజారు రకం కాదు. కాయ గుమ్మడికాయలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. పండినా తొడిమ చుట్టూ పచ్చదనం పోదు. పులుపు ఎక్కువ, తోలు పలచన. బుట్టలో వేసి రెండు వీధులు తిప్పితే పగిలిపోతుంది కనుక ఎవరూ అమ్మరు. ఏటా ఒక మంచి కాయను విత్తనానికని చెట్టు మీదే వదిలేది. అది చేతికి జారేటంత మెత్తబడ్డాక గుజ్జు తీసి గ్లాసులో పులియబెట్టి, కడిగి, గుడ్డ ముక్క మీద నీడన ఆరబెట్టేది. కాయలు ఇరుగుపొరుగుకి పంచేది. తిన్నవాళ్లందరూ బాగున్నాయన్నారు. గింజ దాచినవాడు ఒక్కడూ లేడు. ఆమె పోయాక ఇల్లిల్లూ తిరిగి, ఆమె పుట్టింట్లోనూ అడిగాను కనుక చెబుతున్నాను.

ఆమె పోయిన ఏడాది నేను పెరట్లో అడుగు పెట్టలేదు. తర్వాతి ఏడాదీ పెట్టలేదు. ఈ ఏడు చలి తగ్గగానే డబ్బా తీసి చూస్తే మూత వదులై, లోపల చెమ్మ చేరి ఉంది. గింజలు ఒకదానికొకటి అంటుకున్నాయి. సగం వేసి సగం దాచే పరిస్థితి కాదు. దాచిన సగం వచ్చే ఏటికి మట్టి అవుతుంది. ఉన్నవన్నీ వేశాను. డజను కూడా మొలవలేదు. మొలిచినవి మాత్రం బలంగా వచ్చాయి. వంటగది కిటికీ గట్టు మీద పెట్టి, పొద్దున ఎండ ఎటు తిరిగితే ట్రే అటు తిప్పి పెంచాను. ఆ రకం అంటూ భూమ్మీద మిగిలింది ఆ కిటికీ గట్టు మీదిదే.

వియ్యంకుడు బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. ఇంజను పక్కన కూర్చుని మాట్లాడిన అలవాటు ఇంకా పోలేదు. పక్కన కూర్చున్నవాడితో కూడా వెనక సీటువాడికి వినపడేలా మాట్లాడతాడు. ఆయన ఇల్లు మాకు మూడు స్టాపుల అవతల. ఆయనకూ పెరటి పిచ్చి ఉంది. కొట్టులో ప్యాకెట్టు విత్తనం కొని పెంచుతాడు. అన్నీ ఒకే సైజు, అన్నీ గట్టి కాయలు. నా భార్య ఉన్న రోజుల్లో ఆయన బుట్ట తెస్తే ఆమె ఒకటి తీసి నేల మీద దొర్లించి, "అన్నయ్యగారి కాయలు పిల్లలు ఆడుకోవడానికి బాగుంటాయి" అనేది. ఆయన పగలబడి నవ్వేవాడు. నవ్వి, మళ్లీ ఏడు ఇంకా పెద్ద బుట్ట తెచ్చేవాడు.

మడి తవ్వి సిద్ధం చేసిన రోజున ఆయన తన చిన్న వ్యానులో ఎరువు బస్తాలు తెచ్చి దించాడు. ఊరి చివర పాల డెయిరీ నుంచి తెచ్చానని, ఏడాది మాగిన పశువుల ఎరువని, ఇది ఎరువు కాదు బంగారమని అన్నాడు. చేత్తో తీసి చూశాను. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంది. పెరటి మనిషి ఎవడు చూసినా వంక పెట్టలేని ఎరువు. ఆ ఎరువు దండిగా కలిపి, వారం పది రోజులు మడిని మాగనిచ్చి, నారు మొత్తం నాటాను. పక్క సాలులో చిక్కుడు, ఆ పక్కన ఉల్లి, గోడవారన మొక్కజొన్న వేశాను.

ఎండలు మొదలయ్యాయి. టమాటా కొసలు ముడుచుకోవడం మొదలైంది.

ఆకుముడత నాకు తెలియనిది కాదు. ఆకు వెనక్కి తిప్పి తెల్లదోమ కోసం చూశాను, లేదు. పేనుబంక లేదు, నల్లి లేదు. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని మానాను, తక్కువయ్యాయేమోనని పోశాను. అయినా కొత్తగా వచ్చిన ప్రతి ఆకూ విప్పుకోకుండా పిడికిలిలా బిగుసుకుంది. కాడలు తాడు పేనినట్టు మెలి తిరిగాయి. తర్వాత చిక్కుడు కూడా అలాగే అయింది. అదే మడిలో ఉల్లి నిటారుగా నిలబడి ఉంది. మొక్కజొన్న మోకాలు దాటింది.

తెగులు ఇలా ఏరుకుని పట్టదు. ఏరుకునేది మనిషి. నాకు అలా అనిపించింది, అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది.

మా కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను, మిషను చుట్టూ ముక్కలు, కొలతలకు వచ్చేవాళ్లు. పెరట్లో ఆ మూల ఒక రేకుల గది వేసుకుంటే మిషను అక్కడికి మార్చుకోవచ్చని ఆమె అంతకుముందు చలికాలంలో మావాడితో అంది. మావాడు నాతో అన్నాడు. నేను జవాబివ్వలేదు. ఆమె 'ఆ మూల' అన్నది టమాటా మడినే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాలనుకున్నాను. నీళ్ల డబ్బా మూతి వాసన చూశాను. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు ఎటు పోతున్నాయో కాలువ వెంట నడిచి చూశాను. మడి చుట్టూ మట్టి మెత్తగా గీరి వదిలాను, ఎవరైనా వస్తే అడుగు పడుతుందని. పొద్దున చూస్తే పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. కోడలు పెరటి గడపలో నిలబడి ఫోనులో తండ్రితో మాట్లాడటం మాత్రం ఎక్కువైంది. చిన్న గొంతుతో మాట్లాడేది. నేను వస్తే, "సరే, మళ్లీ చేస్తా నాన్నా" అని పెట్టేసేది. ఒకసారి ఆమె వంగి టమాటా కొస ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని చూస్తోంది. నన్ను చూసి వదిలేసింది. ఏమిటని అడిగాను. ఏం లేదు మావయ్యా, ఎలా ఉందో చూస్తున్నా అంది. ఎలా ఉందో చూసినదానివి ఎందుకలా ఉందని నన్ను అడగలేదే అనుకున్నాను. చచ్చిపోతున్న మొక్కను చూసిన వాళ్లెవరైనా మొదట అడిగేది అదే. అప్పటికే తెలిసినవాళ్లు అడగరు.

మావాడితో చెప్పాను. వాడు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. నీ పెళ్లాం మొక్కల మీద ఏదో పోస్తోందన్నాను. వాడు ముద్ద కలుపుతూ, దానికి సూదిలో దారం ఎక్కించుకోవడానికే తీరికలేదు నాన్నా, మొక్కలకు విషం పెట్టే తీరిక ఎక్కడిది అన్నాడు. పెళ్లయ్యాక వీడికి మాటలు వచ్చాయి.

ఆ ఆదివారం వియ్యంకుడు బుట్టతో వచ్చాడు. మా తోటవి బావగారూ, తొలి కాపు అని బల్ల మీద పెట్టాడు. ఎర్రటి కాయలు. నేను ఒకటి తీసుకున్నాను. తొడిమ లేదు. మరొకటి చూశాను, దానికీ లేదు. పెరట్లో కోసే మనిషి తొడిమతో కోస్తాడు, తొడిమ ఉంటేనే కాయ నిలుస్తుంది. తొడిమలు తీసేది లారీకెత్తే కాయలకు, ఒకదాన్నొకటి పొడవకుండా. అడుగున ఒక కాయ మీద వేలు జిగటగా తగిలింది. కాగితం అంటించి పీకేసిన జిగురు అది.

"ఏ మడివి ఇవి?" అన్నాను.

"ఎప్పటిదే, పంపు పక్కన మడి."

"వచ్చి చూస్తాను ఒకసారి."

"చూద్దురు లెండి, తొందరేముంది? ఇప్పుడు అక్కడంతా బురద."

ఏటా ఈ మనిషి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి ఒక్కో మొక్క ముందు నిలబెట్టి దాని జాతకం చెప్పేవాడు. ఈ ఏడు బురద అంటున్నాడు. నా మొక్కల సంగతి అడగనూ లేదు, పెరటి వైపు తల తిప్పనూ లేదు. కాఫీ ఇంకా వేడిగా ఉండగానే తాగేసి లేచాడు. కోడలు వాకిలి దాకా వెళ్లింది. అక్కడ తండ్రీకూతుళ్లు గొణుక్కున్నారు. బజారులో కొన్న కాయలను తోట కాయలని చెప్పే మనిషి ఇంకేదో కప్పిపెడుతున్నాడు. ఈయన నా పెరట్లోకి పంపింది ఒక్కటే, ఆ బస్తాలు.

ఒక బస్తాలో అడుగున కాస్త ఎరువు మిగిలింది. రెండు కుండీలు తీసుకున్నాను. ఒకదాంట్లో గోడవతలి వట్టి మట్టి, రెండోదాంట్లో అదే మట్టితో ఈ ఎరువు కలిపి, రెంటిలోనూ చిక్కుడు గింజలు పెట్టాను. కొత్త మట్టి మీద నమ్మకం లేకపోతే నా భార్య ఇలాగే చూసేది. చిక్కుడు త్వరగా మొలుస్తుంది, బాగోగులు త్వరగా చెప్పేస్తుంది. కుండీలు నా గదిలో కిటికీ దగ్గర పెట్టుకుని, బయటికి వెళ్తే తలుపుకు తాళం వేశాను. కోడలు అది చూసింది. ఆ రోజు నుంచి నా గది ఊడవడం మానేసి, చీపురు గుమ్మం పక్కన ఆనించి పోయేది.

వట్టి మట్టిలో గింజలు చక్కగా రెండాకులు విప్పాయి. ఎరువు మట్టిలోవి మెడలు తిప్పుకుని, ముడుచుకుని లేచాయి. ఎవరూ ముట్టనివి, తాళం వెనక పెరిగినవి.

రెండు కుండీలూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్నామె మొక్కలు బాగున్నాయండీ అంది. బాగున్నది ఒక్కటే అన్నాను.

వియ్యపురాలు తలుపు తీసింది. నన్ను, సంచిని చూసింది. రండి అన్నయ్యగారూ, కూర్చోండి, ఆయన స్నానంలో ఉన్నారు అంది. స్నానాల గది తలుపు తెరిచే ఉంది, నేల పొడిగా ఉంది. కూర్చోలేదు. ఆమె కాఫీ అంటూ ముందు నడిచి వంటగది దారికి అడ్డం నిలబడింది. పక్కకు జరగమ్మా అన్నాను. జరిగింది.

పెరట్లో కంచె పొడవునా తీగ కట్టి, పాత దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఒక్కటీ తడిగా లేదు. పక్కింటివాళ్ల చూపు పడకుండా కట్టిన తెరలు అవి. వాటి వెనక బనీనుతో ఈయన మోకాళ్ల మీద కూర్చుని, మెలి తిరిగిన మొక్కలకు ఊతకర్రలు కడుతున్నాడు. మడి మడంతా నా మడిలాగే ఉంది. ఇంకా అధ్వాన్నంగా ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు ఈయన. తేలు కుట్టిన దొంగ.

కుండీలు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన వాటి వంక చూసి కర్ర కింద పెట్టాడు.

"మీకూ తెలిసిపోయిందన్నమాట," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా వినపడింది.

అంతా చెప్పాడు. ఆకులు ముడుచుకోగానే డెయిరీకి వెళ్లి అడిగాడట. వాళ్లు ఎండుగడ్డి బయట కొంటారు. గడ్డి పెంచినవాడు పొలంలో కలుపు మందు కొట్టాడు. ఆ మందు గడ్డిని ఏమీ చేయదు, వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. గడ్డిలో ఉండి, ఆవు కడుపులోంచి దిగి, ఏడాది మాగినా పేడలో అలాగే ఉందట. ఆవుకేం కాలేదట. పాలకూ ఏం కాలేదంటున్నారట. టమాటా, చిక్కుడు మాత్రం తట్టుకోలేవట.

"మీవి ఎప్పుడు ముడుచుకున్నాయి?" అన్నాను.

ఆయన కర్ర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వెనక గడపలో నిలబడిన వియ్యపురాలు చెప్పింది. "మీరు నాటడానికి ముందే అన్నయ్యగారూ. ఈయన మీకన్నా ముందు నాటారుగా. మీ నారు ఇంకా కిటికీలో ఉందని అమ్మాయి చెప్పింది అప్పుడు."

"నువ్వూరుకో," అన్నాడు ఆయన. గట్టిగా అనలేదు.

"ఫోను చెయ్యలేకపోయారా?" అన్నాను.

"ఏమని చెయ్యను బావగారూ? డిపోలో నాతో చేసినవాళ్లందరికీ పంచాను ఆ బస్తాలు. పదిమందికి పంచి, బంగారం అని చెప్పి. ఒకళ్లకి చెబితే అందరికీ తెలుస్తుంది. నీళ్లు బాగా పెడితే కొట్టుకుపోతుందేమో అనుకున్నాను. మీ మట్టి వేరు, మీకు ఏం కాదేమో అనుకున్నాను."

"అనుకున్నారు."

"అవును, అనుకున్నాను. సరే, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. ఉన్న గింజంతా ఎవరైనా ఒకేసారి వేస్తారా? మా చెల్లెమ్మ అయితే గుప్పెడు వెనక దాచేది."

నా భార్య గురించి నాకే చెబుతున్నాడు. సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను. ఆయన నా వెనకే వీధి దాకా చెప్పులు లేకుండా వచ్చాడు. మొక్క ఇంకా చావలేదు కదా, పూత వస్తుంది, ఒక్క కాయ నిలిస్తే చాలు విత్తనానికి, ఒక్క కాయ చాలు బావగారూ అని అంటూనే ఉన్నాడు. ఆ మాట నిజమే. కాబట్టి దానికి కూడా జవాబివ్వలేదు.

ఇంటికి వచ్చి కోడల్ని పిలిచాను. మిషను ఆపి వచ్చింది. నీకు ఎప్పటి నుంచి తెలుసు అన్నాను. నాన్న ఎవరికీ చెప్పొద్దన్నారు అంది.

"నువ్వు ఈ ఇంటి కోడలివా, ఆయన కూతురివా?"

"రెండూ మావయ్యా. ఒకటి మానాలంటే ఏది మానాలో మీరే చెప్పండి." ఆమె కళ్లలో నీళ్లు లేవు. "నేను ఏదో పోస్తున్నానని మీరు మీ అబ్బాయితో చెప్పారట. గదికి తాళం వేసుకున్నారు. అప్పుడు చెబితే మాత్రం నమ్మేవారా? మా నాన్న మీద నెట్టి తప్పించుకుంటున్నా అనేవారు."

అనేవాణ్ణి. అయినా నాటడానికి ముందు చెప్పి ఉంటే నమ్మాల్సిన పనే లేదు, ఆపితే చాలు. నాటాక నోరు మూసుకున్నా నాకు పట్టింపు లేదు. నాటడానికి ముందు రోజులు ఉన్నాయి. ఆ రోజుల్లో తండ్రికి తెలుసు, కూతురికి తెలుసు. ఒక్క ఫోను. మూడు స్టాపుల దూరం.

మొక్కల చుట్టూ మట్టి చేతులతో తీసి, మంచి మట్టి పోశాను. వేర్లు కదలకుండా చెంచాతో తీశాను. రెండు చచ్చాయి. మిగతావి ఆ మెలికల మధ్యే పూత పెట్టాయి. పూత చాలావరకు రాలింది. కొన్ని పిందెలు నిలిచాయి. ఎండ ఎక్కువగా ఉన్న పూట గుడ్డ కట్టాను. కోడలు ఒకరోజు నేను లేనప్పుడు నీళ్లు పోసింది. వద్దన్నాను. మళ్లీ పోయలేదు. పిందెలు కాయలయ్యాయి. నొక్కులు సరిగ్గా నా భార్య కాయలవే. తొడిమ చుట్టూ పచ్చదనం ఆమె కాయలదే. ఇవి విత్తనానికి పనికొస్తాయా అన్న నా అనుమానం మాత్రం చూసే కొద్దీ తగ్గాల్సింది పోయి పెరిగింది. చిన్నగా ఉన్నాయి. చిన్న కాయలు అంత త్వరగా రంగు తిరగడం నేను ఎప్పుడూ చూడలేదు. వేలితో నొక్కితే లోపల డొల్లగా తగిలేది. ఎవరికీ చెప్పలేదు.

మెత్తబడేదాకా ఆగాను. కోసే రోజు ఎలా తెలిసిందో, వియ్యంకుడు వచ్చాడు. కూతురు చెప్పి ఉంటుంది, ఈసారి మాత్రం నోరు పెగిలింది. మావాడు సెలవు మీద ఉన్నాడు. వంటగది బల్ల మీద పళ్లెం, గ్లాసు, చాకు పెట్టుకున్నాను. అందరూ నిలబడ్డారు, నేను కూర్చున్నాను.

పెద్ద కాయ అడ్డంగా కోశాను. గోడలు మందంగా ఉన్నాయి. గింజ ఉండాల్సిన అరల్లో పచ్చటి జిగురు కొంచెం ఉంది, మిగతాది ఖాళీ. వేలు పెట్టి తిప్పాను. గింజ లేదు. నలక లాంటి తెల్లటి పొట్టు ఒకటి రెండు తగిలాయి, గోటితో నొక్కితే నీరయ్యాయి.

ఇంకోటి చూద్దాం బావగారూ అన్నాడు వియ్యంకుడు. ఇంకోటి కోశాను. తర్వాత అన్నీ కోశాను. ఆ మందు తగిలిన మొక్క కాయ కాస్తుంది, విత్తనం కట్టదు. ఇది అంతకుముందు నాకు తెలియదు. ఆయనకు తెలియదనే అన్నాడు. నమ్మానో లేదో నేను చెప్పలేదు.

గ్లాసు వాడాల్సిన అవసరం రాలేదు. లేచి కడిగి బోర్లించాను. కోడలు పళ్లెం తీయడానికి చెయ్యి చాచింది. నేనే తీశాను.

"బావగారూ," అన్నాడు ఆయన. "నన్ను నాలుగు తిట్టండి. నేను వినడానికే వచ్చాను. తిడితే నాకు కాస్త తేలికవుతుంది."

అది నాకు తెలుసు. తిట్టలేదు. కాఫీ తాగి వెళ్లండి అన్నాను.

ఇప్పుడూ వస్తుంటాడు. వచ్చి, కూర్చుని, నేను ఆ మాట ఎత్తుతానేమోనని నా నోటి వంక చూస్తాడు. నేను బస్సుల రద్దీ గురించి మాట్లాడతాను, మావాడి షిఫ్టుల గురించి మాట్లాడతాను. ఆయన గొంతు మళ్లీ పెరగలేదు. రెండుసార్లు తనే ఎత్తబోయాడు. నేను లేచి లోపలికి వెళ్లాను. కోడలు కూడా ఒకసారి, మావయ్యా ఆ రోజు, అని మొదలుపెట్టింది. మిషను మీద బట్ట జారిపోతోంది చూసుకో అన్నాను.

జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాశాను. ఎవరూ మరోలా చెప్పుకోకుండా ఉండటానికి రాశాను. ఆయన అడిగినా, మావాడు అడిగినా, ఎవరు అడిగినా దీని గురించి నేను ఇక నోరు విప్పను.